శాసనం నుండి సేవా నిబంధన దాకా: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో నమోదు, ఉపసంహరణల చరిత్ర

సారాంశం

అంతర్జాల వేదికలు తామిచ్చిన సౌలభ్యాలను తామే తొలగించడం, వాడుకరుల వ్యక్తిగత వివరాలను మాత్రం సేకరిస్తూ పోవడం నేటి ప్రధాన చర్చల్లో ఒకటి. ఈ రెండింటినీ సాంకేతిక సమస్యలుగానే చూడడం వాడుకైంది. నమోదు చేసే అధికారానికీ నమోదయ్యే మనిషికీ నడుమ చాలాకాలంగా ఉన్న సంబంధంలో ఇవి ఒక దశ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలోని దాన శాసనాలను, కంపెనీ కాలపు భూమి సర్వేను, కైఫీయతులను, ఇనాం రిజిస్టర్లను, నేటి జాల వేదికల నిబంధనలతో పోల్చి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దాన శాసనం, కైఫీయతు, ఇనాం రిజిస్టరు, జాల వేదిక, సేవా నిబంధనలు, వ్యక్తిగత వివరాలు, నకలు హక్కు.

1. ప్రవేశిక

ఒకరు ఇచ్చిన వసతిని వారే తీసివేయడం ఉపసంహరణ. ఒకరి వివరాలను మరొకరు రాసిపెట్టుకోవడం నమోదు. చరిత్రలో ఈ రెండూ తరచు వేర్వేరుగా కనిపిస్తాయి. జాల వేదికల్లో మాత్రం ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. వేదిక ఒక సౌలభ్యాన్ని ఇస్తుంది. దాన్ని వాడే మనిషి ఎప్పుడు, ఎక్కడి నుండి, ఎవరితో, ఎంతసేపు గడిపాడో నమోదు చేసుకుంటుంది. కొంతకాలానికి సౌలభ్యం పోతుంది. నమోదైన వివరం సంస్థ చేతిలోనే ఉంటుంది.

ఈ పరిశీలనకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల పరిసరాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. రాతి మీద, కాగితం మీద, ఫోను తెర మీద జరిగిన నమోదులు మూడూ ఇక్కడ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పెనుకొండ విజయనగర రాజ్యానికి ముఖ్యమైన దుర్గం. 1565 యుద్ధం తరువాత కొన్నేళ్ళు రాజధాని కూడా. ధర్మవరం పట్టునేతకు, హిందూపురం పట్టుగూళ్ళ వ్యాపారానికి పేరుపొందాయి. ఈ మూడూ 1882లో బళ్ళారి జిల్లా నుండి విడివడి ఏర్పడ్డ అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. చేతులు మారిన ప్రతిసారీ ఈ సీమ కొత్తగా నమోదైంది.

నమోదు చెడ్డదా, మంచిదా అన్నది ఈ వ్యాసం వేసుకునే ప్రశ్న కాదు. నమోదులో మనిషికి నకలు దొరుకుతుందా, ఇచ్చిన వసతిని తీసివేసేవారు ఎవరికైనా సమాధానం చెప్పవలసి ఉంటుందా అన్న రెండు ప్రశ్నలే ఇక్కడ ముఖ్యం.

2. రాతి మీది షరతు

పెనుకొండ కోటలోని 1354 నాటి శాసనం బుక్కరాయల కాలానిది. లేపాక్షి వీరభద్రాలయంలో విజయనగర కాలపు శాసనాలున్నాయి. ఈ ప్రాంతపు శాసనాల్లో కన్నడం, తెలుగు, సంస్కృతం మూడూ వినిపిస్తాయి. సరిహద్దు సీమ గనుక చదివేవారి భాషను బట్టి, రాయించేవారి అలవాటును బట్టి భాష మారింది.

దాన శాసనాల నిర్మాణాన్ని సాహిత్య విద్యార్థులు సాధారణంగా భాషాపరంగా, ఛందోపరంగా చూస్తారు. దాన్ని ఒక ఒప్పంద పత్రంగా కూడా చదవవచ్చు. ముందు శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, తిథి వస్తాయి. తరువాత పాలకుని బిరుదులు, దాత పేరు, గ్రహీత పేరు. ఆపైన దానమిచ్చిన భూమి ఎల్లలు, దాని మీది ఆదాయం. చివర ఇది ఆచంద్రార్కం చెల్లుతుందన్న మాట, దానిని హరించినవారికి పాపం చుట్టుకుంటుందన్న శాపోక్తి.

ఈ శాపోక్తి మన చర్చకు కీలకం. అది పరుల మీదికి మాత్రమే ఎక్కుపెట్టింది కాదు. దానమిచ్చినవాడే దానిని తిరిగి తీసుకుంటే అతనికీ తగులుతుంది. ఇతరులిచ్చిన దానాన్ని కాపాడడం తానిచ్చిన దానికంటె మిన్న అన్న భావం ఈ శాసనాల్లో పదే పదే వస్తుంది. అంటే ఉపసంహరణ జరగవచ్చునని శాసనకర్తలకు తెలుసు. తెలుసు కనుకనే ఇచ్చిన నాడే దానిని నిందించి పెట్టారు. శాసనాన్ని పదిమంది తిరిగే గుడి గోడ మీదనో, ఊరి బయట బండ మీదనో చెక్కించడం కూడా ఇందులో భాగమే. షరతు బహిరంగం కావడం వల్ల దానిని రహస్యంగా మార్చడం కష్టమైంది.

దీనిని ఆదర్శకాలంగా చిత్రించనవసరం లేదు. శాపం ఉన్నా దానాలు లాగివేసినవారున్నారు. శాసనాల్లో పేర్లు కెక్కినవారు ఎక్కువగా రాజులు, అధికారులు, వర్తకులు, బ్రాహ్మణులు, దేవాలయాలు. ఆ పొలాన్ని దున్నినవాడి పేరు చాలాచోట్ల ఉండదు. అతనికి ఆ షరతు అందలేదు, అందులో అతని మాటా లేదు. అయినా ఒక విషయం గమనించదగినది. ఈ విధానంలో రాసినది ప్రధానంగా దాత చేసిన వాగ్దానం. గ్రహీత దైనందిన జీవితం మీద నిఘా ఇందులో లేదు.

3. గొలుసు, కైఫీయతు, రిజిస్టరు

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పటి నుండి నమోదు దిశ మారింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అనంతపురం కేంద్రంగా దత్తమండలాలను పాలించాడు. అతని ఆధ్వర్యంలో జరిగిన సర్వే ప్రతి పొలాన్నీ కొలిచింది, రకం కట్టింది, పన్ను తేల్చింది. రైతు పేరు, పొలం, చెల్లించవలసిన శిస్తు ఒకే వరుసలోకి వచ్చాయి. పాలకుడు చేసిన వాగ్దానం స్థానంలో పాలితుని వివరం నిలిచింది. శాసనంలో పేరు లేని సాగుదారు ఇప్పుడు లెక్కలోకి ఎక్కాడు. ఆ ఎక్కడం ఒకవిధంగా గుర్తింపు, మరొకవిధంగా బంధం. మన్రో వెళ్ళిపోయాక కంపెనీ రైతువారీ పద్ధతిని పక్కన పెట్టి ఊళ్ళను గుత్తకివ్వడం మొదలుపెట్టింది. 1820లో అతడు మద్రాసు గవర్నరైన తరువాతే రైతువారీ తిరిగి నిలదొక్కుకుంది. నడుమ సంవత్సరాలలో రైతుతో నేరుగా ఉన్న ఒప్పందం పోయింది, కొలిచిన లెక్క మాత్రం కచేరీల్లో ఉంది.

ఇదే కాలంలో కర్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా చరిత్రలు సేకరించాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువారు ఆ పనికి వెన్నెముకగా నిలిచారు. కరణాల దగ్గరున్న కవిలెల ఆధారంగా, ఊరి పెద్దల నోటి మాట ఆధారంగా కైఫీయతులు తయారయ్యాయి. ఊరు తన చెరువు ఎవరు తవ్వించారో, గుడి ఎవరు కట్టించారో, ఏ మిరాశీ ఎవరిదో చెప్పింది. 1817లో మెకంజీతోపాటు ఆ సంపద కలకత్తా చేరింది. అతడు 1821లో మరణించాడు. తరువాత అందులో ఒక భాగం మద్రాసుకు తిరిగివచ్చింది. సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించినందువల్ల చాలా తెలుగు కైఫీయతులు నిలిచాయి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను అచ్చు వేసేనాటికి రెండు శతాబ్దాలు గడిచాయి. చెప్పినవారి వారసులు తమ ఊరి మాటను తాము చదువుకోవడానికి అంతకాలం పట్టింది.

1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమిషన్ ఉపసంహరణకు చట్టరూపం ఇచ్చింది. పాత పాలకులిచ్చిన మాన్యాలను అనుభవిస్తున్నవారు తమ హక్కుకు ఆధారం చూపవలసి వచ్చింది. ఆచంద్రార్కమని రాసిన దానాన్నీ ఒక అధికారి విచారించి, తేల్చి, చాలా సందర్భాల్లో కొంత పన్నుకు లోబరచాడు. అయితే అక్కడ ఒక క్రమం ఉంది. విచారణ జరిగింది, ఆధారాన్ని వినడం జరిగింది, నిర్ణయం రిజిస్టరుకెక్కింది, హక్కుదారుకు పట్టా చేతికి వచ్చింది. ప్రభుత్వం తన రాబడి కోసం తయారుచేసుకున్న ఆ ఇనాం రిజిస్టరే నేటికీ భూమి తగాదాల్లో సామాన్యులు కోర్టులో చూపే సాక్ష్యం. నకలు పొందే దారి ఉండడం వల్లనే ఆ దస్తావేజు పాలకుని చేతి నుండి పాలితుని చేతికి కూడా వచ్చింది.

ఇలాంటి దారి లేని నమోదుకు ఉదాహరణ నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకల మొదలైన సంచార సమూహాల మనుషులను పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేశారు. వేలిముద్రలు తీసుకున్నారు. నిర్ణీత వేళకు పోలీసుల ముందు హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఇక్కడ నమోదైనది పొలం కాదు, మనిషి కదలిక. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. రిజిస్టరు మూసినా, దాని వల్ల పడ్డ ముద్ర ఆ సమూహాలను వదలలేదు. కదలికను నమోదు చేయడంలో ఉన్న ప్రమాదమేమిటో తెలుసుకోవడానికి ఈ చరిత్ర కంటె బలమైన పాఠం అక్కరలేదు.

4. జాల వేదికలు: పోయిన సౌలభ్యాల వరుస

అంతర్జాలంలో తెలుగు రచన ఏ ఒక్క ఊరిదీ కాదు. అమెరికాలోని తెలుగువారు, హైదరాబాదు ఉద్యోగులు, రాయలసీమ చిన్నపట్టణాల ఉపాధ్యాయులు ఒకే వేదిక మీద కలిశారు. కనుక ఆ వేదికల్లో జరిగిన మార్పులు పెనుకొండ వాడుకరికీ, కాలిఫోర్నియా వాడుకరికీ ఒకే రోజున తగిలాయి. తేడా దెబ్బలో లేదు, దానినుండి కోలుకునే వనరుల్లో ఉంది.

తెలుగు సాహిత్య చర్చలకు తొలినాళ్ళలో నెలవైన వాటిలో యాహూ గ్రూపులు ముఖ్యమైనవి. రచ్చబండ వంటి చర్చావేదికలు అక్కడే సాగాయి. 2019 అక్టోబరు 28 నుండి కొత్తగా ఏదీ చేర్చే వీలు లేకుండా చేసి, ఆపైన పాత నిల్వలను తొలగించి, 2020 డిసెంబరు 15న ఆ సంస్థ గ్రూపులను పూర్తిగా మూసివేసింది. గూగుల్ సంస్థ తన రీడరును 2013 జూలై 1న ఆపివేసింది. బ్లాగులను వరుసగా చదివించే సాధనం అది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. ఫేస్‌బుక్‌లో దీర్ఘమైన రచనలకు వీలిచ్చిన నోట్స్ సౌలభ్యం 2020 అక్టోబరు 31 తరువాత కొత్త రచనలకు అందకుండా పోయింది. కవితను, కథను, సమీక్షను శీర్షికతో ప్రత్యేకంగా పెట్టుకోగలిగిన చోటు అది. దానికి బదులు మిగిలిన గోడ మీది రాత రోజు తిరిగేసరికి కిందికి జారిపోతుంది.

సాహిత్య చరిత్రకారునికి దీని అర్థం ఏమిటి? 2005 నుండి 2020 వరకు పత్రికలకు పంపకుండా నేరుగా జాలంలో రాసిన తరం ఒకటి ఉంది. వారి తొలి ప్రతులు, వాటి కింది చర్చలు, పాఠకుల అభ్యంతరాలు, కవి చేసిన సవరణలు పాఠపరిశోధనకు అమూల్యమైన సామగ్రి. తాళపత్రం చెదలు పట్టి పోతే కొంత భాగమైనా మిగలవచ్చు. సంస్థ నిర్ణయంతో పోయిన పాఠం ఒకే రాత్రిలో మొత్తంగా పోతుంది.

అన్ని ఉపసంహరణలూ ఒకే రకానివి కావన్నది కూడా గుర్తించాలి. గూగుల్ ప్లస్ మూసివేతకు ఒక కారణం వాడుకరుల వివరాలు బయటి అనువర్తనాలకు అందే లోపం బయటపడడం. కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారంలో సుమారు 8.7 కోట్ల మంది వివరాలు పొక్కి ఉండవచ్చునని, వారిలో 5.62 లక్షల మంది భారతీయులని 2018లో ఫేస్‌బుక్ తెలిపింది. ఆపైన ఫోను నంబరుతో మనిషిని వెతికే సౌలభ్యాన్ని తీసివేసింది. వదంతుల వల్ల మూకదాడులు జరిగిన నేపథ్యంలో 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చోట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. ఇవి మనిషిని కాపాడే ఉద్దేశం చెప్పుకోదగిన మార్పులే. అయితే గోప్యత పేరుతో మూసిన తలుపులన్నీ ఒకే వైపున లేవు. బహిరంగ పోస్టుల వ్యాప్తిని పరిశోధకులు, పాత్రికేయులు గమనించడానికి ఉపయోగపడిన క్రౌడ్‌టాంగిల్ సాధనాన్ని మెటా సంస్థ 2024 ఆగస్టు 14న ఆపివేసింది. ప్రకటనదారు కోరిన వయసు, ఊరు, ఆసక్తి గలవారికి ప్రకటన చూపే ఏర్పాటు మాత్రం కొనసాగుతున్నది. పరిశోధకునికి మూసుకున్న గవాక్షం వ్యాపారికి తెరిచే ఉంది.

5. ఉపసంహరణే ఒత్తిడిగా మారిన సందర్భం

నమోదు, ఉపసంహరణ ఒకదానికొకటి పనిముట్టుగా మారిన సందర్భం 2021 నాటి వాట్సాప్ నిబంధనల మార్పు. ఫేస్‌బుక్ సంస్థ వాట్సాప్‌ను 2014లో కొన్నది. 2016 ఆగస్టులో వివరాలను మాతృసంస్థతో పంచుకుంటామని నిబంధన మార్చినప్పుడు, అప్పటికే వాడుతున్నవారికి ప్రకటనల కోసం ఆ పంపకాన్ని వద్దనుకునే అవకాశం 30 రోజులపాటు ఇచ్చింది. 2021 జనవరిలో వచ్చిన కొత్త నిబంధనకు అటువంటి అవకాశం లేదు. ఫిబ్రవరి 8 అన్న గడువు విమర్శల తరువాత మే 15కు జరిగింది. ఒప్పుకోనివారికి మొదట సంభాషణల జాబితా కనిపించదని, కొన్ని వారాల తరువాత కాల్స్, సందేశాలు కూడా అందవని సంస్థ చెప్పింది. మే నెలాఖరుకు ఆ ఆలోచన విరమించుకున్నది.

ఇక్కడ స్పష్టత అవసరం. సందేశంలోని మాటలు పంపినవారికీ అందుకున్నవారికీ మాత్రమే తెలిసే సంకేతీకరణ 2016 నుండి అందులో ఉంది. నమోదయ్యేది ఉత్తరం లోపలి రాత కాదు. ఫోను నంబరు, పరికరం గుర్తులు, వాడే వేళలు, వ్యాపార సంస్థలతో జరిపే వ్యవహారం వంటివి నమోదవుతాయి. ఉత్తరం విప్పకుండానే ఎవరు ఎవరికి ఎన్నిసార్లు రాస్తున్నారో తెలుసుకునే తపాలా ఉద్యోగి ఊరి వ్యవహారం చాలావరకు ఊహించగలడు.

2024 నవంబరు 18న భారత పోటీ కమిషన్ ఈ వ్యవహారంలో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఒప్పుకో లేదా వదిలిపో అన్న పద్ధతి ఆధిపత్య దుర్వినియోగమని కమిషన్ భావించింది. ఆ వివాదం తరువాత అప్పీలు మెట్లెక్కింది.

ఆ ‘వదిలిపో’ అన్న మాట ధర్మవరంలో ఏ అర్థమిస్తుందో చూడాలి. కూలి మగ్గం నేసే కుటుంబానికి పట్టు, జరీ ఇచ్చేది షావుకారు. చీర తీసుకునేదీ అతడే. బాకీ లెక్క అతని పుస్తకంలోనే ఉంటుంది. ఒక షావుకారును వదలాలంటే ముందు బాకీ తీరాలి. తీరిందో లేదో చెప్పే పుస్తకం అతని దగ్గరే ఉంది. ఫోను ఈ బంధాన్ని కొంత సడలించగలదన్న ఆశ కలిగింది. చీర బొమ్మ తీసి నేరుగా బెంగళూరు కొనుగోలుదారుకు పంపవచ్చు. కాని కొనేవారు, నూలు అమ్మేవారు, బంధువులు అందరూ ఒకే వేదిక మీద ఉన్నప్పుడు ఒక్క నేతగాడు దానిని వదిలి వేరేచోటికి పోవడం అంటే బేరాన్ని వదులుకోవడమే. కొనుగోలుదారుల పరిచయాలు, పాత సంభాషణలు, చీరల బొమ్మలు ఆ వేదికకే కట్టుబడి ఉన్నాయి. షావుకారు పుస్తకానికీ దీనికీ పోలిక పైపై అలంకారం కాదు. రెండింటిలోనూ లెక్క ఒకరిదీ, పుస్తకం మరొకరిదీ. ఒక తేడా మాత్రం ఉంది. షావుకారు ఊళ్ళో ఉంటాడు. అతనితో వాదించవచ్చు, పదిమందిలో నిలదీయవచ్చు.

ప్రభుత్వ నమోదులోనూ ఈ సమస్య ఉన్నది. 2019 డిసెంబరు 21న ధర్మవరంలో ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గమున్న చేనేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చింది. ఆధారు, బ్యాంకు ఖాతా, మగ్గం వివరాలు అందుకు అవసరమయ్యాయి. జాబితాలను సచివాలయాల్లో ప్రదర్శించడం వల్ల పేరు లేనివారు అడగడానికి వీలు కలిగింది. పథకం ఐదు విడతలు సాగి ఆగింది. ఇచ్చిన వివరాలు పథకంతోపాటు ఆగిపోయేవి కావు. ప్రైవేటు వేదికకైనా, ప్రభుత్వ పథకానికైనా వర్తించే ప్రశ్న ఇదే: వసతి ముగిసిన తరువాత వివరం ఎవరిది, ఎంతకాలం?

6. ప్రత్యామ్నాయ సంప్రదాయం

వ్యక్తిగత వివరాల సేకరణ అంటేనే దోపిడీ అనుకోవడం సరికాదు. హిందూపురం నుండే అందుకు ఉదాహరణ ఉంది. కల్లూరు అహోబలరావు ‘రాయలసీమ రచయితల చరిత్ర’ పేరుతో సంపుటాలు వెలువరించారు. రచయితల ఊరు, చదువు, రచనలు వంటి వివరాలను కూర్చిన ఆ కృషి కూడా వ్యక్తిగత సమాచార సేకరణే. కాని సేకరించిన ఉద్దేశం పుస్తకం పేరులోనే ఉంది. సేకరించినది అచ్చయి, ఎవరిని గురించి రాశారో వారి సమాజానికే తిరిగి వెళ్ళింది. తప్పుంటే దిద్దుకోవడానికి పాఠకుడు ముందుకు రావచ్చు. రచయిత కాలం చేసినా, ప్రచురణ ఆగినా గ్రంథాలయంలోని ప్రతిని ఎవరూ వెనక్కు తీసుకోలేరు. రాయలసీమ సాహిత్యం మీద పరిశోధన చేసేవారు నేటికీ ఆ సంపుటాలను ఆశ్రయిస్తున్నారు.

జాలంలోనూ ఇటువంటి సంప్రదాయం లేకపోలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ మార్పుల చరిత్ర ఉంటుంది. మొత్తం పాఠాన్ని ఎవరైనా దింపుకొని భద్రపరచవచ్చు. 1998 నుండి వస్తున్న ఈమాట పత్రిక పాత సంచికలు నేటికీ అందుబాటులో ఉన్నాయి. కూడలి, జల్లెడ, హారం వంటి బ్లాగు సంకలినులు స్వచ్ఛందంగా నడిచాయి. ఔత్సాహికుల వేదికలకూ ఆయుష్షు ఉంటుంది, అవీ ఆగవచ్చు. అందువల్ల మంచి మనసు ఒక్కటే చాలదు. ప్రతి ఒకచోటనే ఉండకపోవడం ముఖ్యం. భారత డిజిటల్ లైబ్రరీ సైటు ఆగిపోయిన తరువాత కూడా అందులోని వేలాది తెలుగు పుస్తకాలు పాఠకులకు దొరుకుతున్నాయంటే, వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉండడమే కారణం. బ్రౌన్ రాయించిన నకళ్ళు కైఫీయతులకు చేసిన మేలు ఇదే.

7. చట్టంలో ఉన్నది, లేనిది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తీర్పు వెలుగులో సాగిన సుదీర్ఘ చర్చ తరువాత 2023 ఆగస్టు 11న డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఉంది.

తెలుగు విద్యార్థులు ఈ చట్టంలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. వివరాలు తీసుకునేముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతుంది. అంటే తెలుగులో అడిగే హక్కు వచ్చింది. కన్నడ, తెలుగు సీమల అంచున ప్రజలు చదివే భాషలో షరతు చెక్కిన శాసనకారుని పద్ధతికి ఇది ఆధునిక రూపం. అయితే అనువాదం పేరుతో ఎవరికీ అర్థంకాని మాటలు పేరిస్తే ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది. ‘సమ్మతి’, ‘ఉపసంహరణ’, ‘ప్రయోజనం’, ‘నిల్వకాలం’ వంటి భావాలకు ధర్మవరం నేతగాడికీ, హిందూపురం విద్యార్థికీ తెలిసే తెలుగు కావాలి. అది న్యాయశాఖ ఒక్కటే చేయగల పని కాదు, తెలుగు శాఖల పని కూడా.

చట్టంలో లేనిది కూడా గమనించాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కు, వివరాలను దిద్దించే, చెరిపించే హక్కు అందులో ఉన్నాయి. 2019 నాటి బిల్లులో ఉన్న మరొక హక్కు, అంటే తన వివరాలను వాడుకోదగిన రూపంలో పొంది వేరే సంస్థకు తీసుకుపోయే హక్కు, 2023 చట్టంలో చోటుచేసుకోలేదు. ఇనాం రిజిస్టరును సామాన్యునికి ఆయుధంగా మార్చిన నకలు హక్కు ఇక్కడ లోపించింది. చెరిపించే హక్కు మాత్రమే ఉన్నవాడు వేదికను వదిలేటప్పుడు వట్టి చేతులతో వదలవలసి వస్తుంది. సౌలభ్యం తొలగించే ముందు ఎంత గడువు ఇవ్వాలి, వాడుకరి రాసుకున్నది ఏ రూపంలో తిరిగి ఇవ్వాలి అన్నవి ఈనాటికీ చాలావరకు సంస్థల ఇష్టానికే ఉన్నాయి. తమ సేవ ఉచితమనీ, ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందనీ ఫేస్‌బుక్ తన ముఖద్వారం మీద రాసుకున్న వాక్యం 2019లో నిశ్శబ్దంగా మారిపోయింది. ఆచంద్రార్కమన్న మాట రాతి మీద ఉంటే చెరిపినవాని ఉలి గుర్తు మిగులుతుంది. తెర మీది మాటకు ఆ గుర్తు ఉండదు.

8. ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, దాన శాసనం దాత మాటను నమోదు చేస్తే, సర్వే నాటి నుండి నమోదు పాలితుని వైపు తిరిగింది. జాల వేదిక ఆ దిశను మనిషి కదలిక దాకా తీసుకుపోయింది. రెండు, నమోదు వల్ల మేలో కీడో నిర్ణయించినది నకలు అందుబాటు. నకలు దొరికిన ఇనాం రిజిస్టరు రక్షణగా మారింది, దొరకని నేరస్థ తెగల రిజిస్టరు సంకెలగా మిగిలింది. మూడు, ఉపసంహరణ ఏ కాలంలోనూ ఆగలేదు. దానికి శాపమో, విచారణో, చట్టమో ఏదో ఒక అడ్డు ఉండాలని మాత్రం ప్రతి కాలం కోరుకుంది.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు తమ పరిధిలో చేయగల పని ఉంది. ఫేస్‌బుక్‌లోనో, బ్లాగులోనో మాత్రమే ఉన్న ప్రాంతీయ రచనలను రచయితల లిఖిత అనుమతితో సేకరించి, తేదీలతో, పాఠభేదాలతో భద్రపరచాలి. పరిశోధక విద్యార్థి జాల రచనను ఉదహరించినప్పుడు దాని ప్రతిని సిద్ధాంత గ్రంథంతోపాటు శాఖ గ్రంథాలయంలో ఉంచడం నియమం కావాలి. ఆ సేకరణలో రచయిత ఫోను నంబరు, చిరునామా, పరిచయాల వంటి సాహిత్యానికి అక్కరలేని వివరాలు ఉండకూడదు. రచయిత కోరితే తన రచన ప్రతి అతనికి అందాలి, వద్దంటే తొలగాలి. వేదికల నుండి మనం కోరే మర్యాదను ముందు మన సేకరణల్లో పాటించాలి. రాయలసీమ రచయితల వివరాలు కూర్చిన హిందూపురం పండితుడు ఒంటిచేత్తో చేయగలిగినదానిని ఒక శాఖ చేయలేకపోవడానికి కారణం కనిపించదు.